తొమ్మిదో సిలువ

తొమ్మిదో సిలువ మా వసారాలో బల్ల మీద ఉంది. మేకులు ఇంకా దానికే ఉన్నాయి. మేకులకు ఈరక్క ఇంటి గోడ సున్నం అంటుకొని ఉంది.

నిన్న సాయంత్రం గుడి సంఘం పెద్ద దాసన్న దాన్ని ఊడబెరికి తెచ్చాడు. మా నాయన ముందు పెట్టి, "రేపు పన్నెండు లోపల మా వాకిలి మీద కొట్టు మామా" అని చెప్పి పోయాడు.

అప్పటినుంచి మా నాయన మంచినీళ్లు కూడా ముట్టలేదు.

పవిత్ర శుక్రవారం నాడు మా శౌరిపల్లెలో ఎవరూ పొయ్యి వెలిగించరు. అది ఉపవాసం. కానీ నీళ్లు తాగుతారు. ఏప్రిల్ నెల. పొద్దున తొమ్మిదికే వాకిట్లో బండలు కాలుతున్నాయి. మా నాయనకు ఎనభై రెండేళ్లు.

"నాయనా, రెండు గుక్కలు తాగు."

చెంబు వైపు చూడలేదు. సిలువ వైపే చూస్తున్నాడు.

"నాతో కూడా మాట్లాడవా?"

నేను చెంబు తీసుకుపోయి లోపల పెట్టి, మళ్లీ తెచ్చి ఆయన పక్కనే పెట్టాను. ఇది మూడోసారి.

ఆ సిలువలు మొత్తం పద్నాలుగు. గుడికి తలుపులు చేయించినప్పుడు మిగిలిన వేపచెక్కతో మా తాత చేశాడు. పద్నాలుగు ఇళ్ల వాకిళ్ల మీద కొట్టాడు. పవిత్ర శుక్రవారం మధ్యాహ్నం ఊరంతా చెప్పుల్లేకుండా గుడి దగ్గర బయలుదేరుతుంది. ఏసు సిలువ మోసిన దారిలోని పద్నాలుగు స్థలాలను తలుచుకుంటూ ఈ పద్నాలుగు ఇళ్ల ముందు ఆగి ప్రార్థిస్తుంది. ఆ ఇంటి ఆడమనిషి ఏడాదంతా పెట్టెలో దాచిన దీపం తీసి, గడప మీద పెట్టి ప్రార్థనలో మొదటి మాట అనాలి. ఆమె అనేదాకా ఎవరూ మోకరించరు. కాళ్లు కాలినా నిలబడి ఉండాల్సిందే.

ఇళ్లు కూలాయి, మళ్లీ లేచాయి. కొట్టాలు పోయి బండల మిద్దెలు వచ్చాయి, మిద్దెలు పోయి స్లాబులు వచ్చాయి. సిలువ మాత్రం ఏ ఇంటిది ఆ ఇంటికే. ఊడితే మళ్లీ కొట్టేది ఉపదేశి ఒక్కడే. స్వాములని మేం పిలిచే ఫాదర్లు లేనప్పుడు ప్రార్థన నడిపే ఆ పని మొదట మా తాతది, తర్వాత మా నాయన ఏసేపుది. సుత్తి మా ఇంట్లోనే ఉంటుంది.

ఆరోది మా ఇల్లు. వెరోనికమ్మ ఏసు ముఖం తుడిచిన స్థలం. మా వాకిట్లో దీపంతో పాటు తెల్లగుడ్డ కూడా పట్టుకొని నిలబడాలి. ఇరవై ఆరేళ్లు నా భార్య ఆరోగ్యమ్మ నిలబడింది. జనవరిలో ఆమె పోయింది. గుడ్డ పెట్టెలో ఉంది.

తొమ్మిదోది ఈరక్క ఇల్లు. ఏసు మూడోసారి కింద పడిన స్థలం.

*

శిల్ప పదింటి బస్సుకు దిగింది. నా కూతురు. కడపలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. చెప్పులు విప్పకముందే బల్ల మీదున్నదాన్ని చూసింది.

"ఏంది ఇది? తొమ్మిదోది ఈడ ఎందుకుండాది?"

"దాసన్న తెచ్చినాడు."

"తెస్తే తీసుకున్నావా నాయనా?"

"బల్ల మీద పెట్టిపోయినాడు."

"పెడితే పెట్టించుకున్నావా?"

బడిలో పిల్లలకు ముప్పై ఏళ్లుగా ప్రశ్నలు వేస్తున్నవాణ్ణి. నా కూతురు వేసే ప్రశ్నలకు ఈ మధ్య నా దగ్గర జవాబులు ఉండడం లేదు.

నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే విభూది బుధవారం మరునాడు ఈరక్కను, ఆమె కూతుర్ని పోలీసు స్టేషనుకు తీసుకుపోయింది శిల్పే. పదహారేళ్ల పిల్ల. ఆదివారం పాటలు నేర్చుకోవడానికి మా గుడి స్వామి ఉండే బంగళాకు పోయేది. అక్కడ ఆయన ఏం చేసిందీ ఆ పిల్ల తన నోటితో చెప్పింది, వాళ్లు రాసుకున్నారు. పోలీసులు వచ్చేలోపే స్వామి ఊళ్లో లేడు. 'విశ్రాంతికి పంపడమైనది' అని పైనుంచి, బిషప్పు ఆఫీసునుంచి, ఒకే వాక్యంతో ఉత్తరం వచ్చింది. ఎక్కడికో అందులో లేదు.

అప్పటినుంచి ఊరు ఊరుగా లేదు. మైదుకూరు మార్కెట్లో మావాళ్లు టమాటా బుట్టలు దించుతుంటే, "మీ స్వామి అడ్రసు చెప్పండప్పా, క్షేమం అడుగుతా ఉత్తరం రాస్తాం" అని నవ్వారట. మా బడిలో తోటి మాస్టరు ఒకరు మర్యాదగానే అడిగారు: "ఇంకా పోతున్నారా సార్ గుడికి?" పోతున్నానని చెప్పాను. గొంతు తగ్గించలేదు.

పోవడం మానుకున్నవాళ్లు కొందరు. మానకుండా పోతూ, గుడి మెట్ల మీద ఈరక్కను తిట్టేవాళ్లు కొందరు. ఆ పిల్ల పేరు మాత్రం రెండు రకాల వాళ్లూ పలకడం లేదు. ఈరక్క కూతురు అంటున్నారు, అంతే.

శిల్ప సంచి కింద పెట్టింది. "ముందే చెప్తాండా. మధ్యాహ్నం ఆ గుడ్డ నేను పట్టుకోను."

"పట్టుకోమని నేను అడగలేదు."

"అడగవు. నువ్వు ఏదీ అడగవు నాయనా. ఎవరు ఏమన్నా వింటావు, తల ఊపుతావు, పేపర్లు దిద్దుకుంటావు."

అది ఆమె మామూలుగా అన్న మాట. నాకు తగిలిన చోటు ఆమెకు తెలియదు.

ఆమె వాళ్ల తాత ముందు గొంతుక్కూర్చుంది. "జేజినాయనా, నీళ్లు తాగు. ఎవరి కోసం ఈ పంతం? వాళ్ల గుడి, వాళ్ల సిలువ, వాళ్ల సంఘం. ఇచ్చేద్దాం పా. గుడి తలుపుల బీగంచెవి కూడా దాసన్న మొగాన కొట్టి కడపకు వచ్చెయ్ నాతో."

మా నాయన మొదటిసారి నోరు తెరిచాడు.

"వాళ్ల గుడా?"

"మరి?"

"సున్నం మోసింది మా నాయన. పునాదిలో మూడు దినాలు నేను రాళ్లు అందిచ్చినా, అప్పుడు నాకు ఏడేండ్లు. పదకొండు మంది స్వాముల్ని చూసినా నేను. అందరికీ తలుపు తీసింది నేనే. వచ్చినోళ్లు వచ్చినారు, పోయినోళ్లు పోయినారు. బీగంచెవి నా దగ్గరే ఉండాది."

ఆ మాట అన్నప్పుడు ఆయన వీపు నిటారుగా అయింది. నాకు చిన్నప్పుడు గుడిలో ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకునే మనిషి గుర్తొచ్చాడు.

శిల్ప తగ్గలేదు. "ఆ బంగళా బీగంచెవి కూడా నువ్వే ఇచ్చినావు కదా జేజినాయనా, ఆయన వచ్చినరోజు?"

"శిల్పా!" అన్నాను.

"అననీరా చిన్నప్పా." మా నాయన నావైపు చెయ్యి ఎత్తాడు. "ఇచ్చినా బిడ్డా. పూలదండ కూడా నేనే ఏసినా. అందుకే నీళ్లు దిగడం లేదు."

శిల్ప తల వంచుకుంది. కాసేపటికి తన కొంగుతో ఆయన పాదాల మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. ఆయన వద్దనలేదు.

*

దాసన్న పదకొండుకు వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. వసారా దాకా వచ్చి, శిల్పను చూసి ఆగిపోయాడు.

"లాయరమ్మ కూడా దిగిందే."

"నేను లాయర్ని కాదులే దాసన్న మామా. రక్తం తీసే పని నాది. కావాలంటే చెప్పు, నీది కూడా తీసి చూస్తా, ఏం పారుతాందో."

దాసన్న నవ్వబోయి మానుకున్నాడు. "మామా, ఇంకా కొట్టలేదే? మా ఇంటిది హేమావతి వాకిలి కడిగి ముగ్గేసింది. దీపం తోమి పెట్టింది."

మా నాయన సిలువనే చూస్తున్నాడు. నేనే అడిగాను. "ఎవరు మార్చమన్నారు దాసన్నా?"

"పైనుంచి ఫోన్ వచ్చింది సారూ."

"పైనుంచి ఎవరు?"

"ఎవరో. పెద్దోళ్లు. కేసు నడుస్తాంది, ఊరంతా పోయి ఆ ఇంటి ముందర మోకరిస్తే ఏమనుకుంటారు? టీవీవాళ్లు వస్తే? తప్పు ఒప్పుకున్నట్టు కాదా?" గొంతు తగ్గించాడు. "పద్నాలుగు ఉంటాయి సారూ. ఒక్కటి కూడా తగ్గదు. ఒక్క వాకిలే మారేది."

"ఆ బిడ్డ ఇంటిని ఊళ్లోనుంచి తీసేస్తాండావు" అంది శిల్ప.

"నేనా? నేను తీసేస్తాండానా?" దాసన్న గొంతు ఒక్కసారిగా పగిలింది. "నా కొడుకు స్వామి అయ్యే చదువు చదువుతాండాడమ్మా. ఇంకో రెండేండ్లకు తెల్ల అంగీ ఏసుకుంటాడు. ఆ అంగీతో బస్సెక్కితే పక్క సీటోళ్లు ఆడపిల్లను అవతలికి జరుపుకుంటారు. నీకు తెల్సునా ఆ బాధ? మొన్న ఫోన్లో వాడు ఏమన్నాడో తెల్సునా? 'నాయనా, నేను ఇంటికి వచ్చేదా' అన్నాడు."

దాసన్న నాకు చిన్నప్పటినుంచి తెలుసు. చెడ్డవాడు కాదు. భయపడినవాడు.

మా నాయన మెల్లగా అన్నాడు. "నీ కొడుకు మంచోడు దాసా. నేనే వానికి జపాలు నేర్పినా. వాన్ని పిలిపించు. తొమ్మిదో వాకిట్లో అందరికంటే ముందు వాన్ని మోకరించమను. అప్పుడు బస్సులో ఎవరూ జరగరు."

"మాటలకు బాగుంటాయి మామా." దాసన్న కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ సంఘం పెద్ద అయ్యాడు. "ఆ పిల్లకు బాధ ఉంటే ముందే ఎవరికైనా చెప్పాల కదా. మనం లేమా? సారు లేడా? పెద్దాయన లేడా? ఒక్కరికి, ఒక్కరికి చెప్పిందా? ఉన్నట్టుండి స్టేషనుకు పోతే ఊరి పరువేం కావాల? చెప్పు సారూ, ఎవరికన్నా చెప్పిందా?"

నావైపే చూస్తున్నాడు. శిల్ప కూడా నావైపు చూసింది, ఏదో ఒకటి అంటానని.

నేను చెంబు తీసి నీళ్లు తాగాను.

*

చెప్పింది. ఆరోగ్యమ్మకు చెప్పింది. ఆరోగ్యమ్మ నాకు చెప్పింది.

సెప్టెంబరులో, సాయంత్రం బడినుంచి వచ్చి పేపర్లు దిద్దుతున్నాను. ఆమె ఎదురుగా కూర్చొని బీరకాయ చెక్కు తీస్తోంది.

"ఈరక్క కూతురు పాటకు పోవడం మానుకున్నది. నా దగ్గర కూర్చొని ఏడ్చింది. బంగళాలో ఏందో జరిగింది. నువ్వు కనుక్కో."

నేను ఎర్రపెన్ను దించకుండానే అన్నాను. "గుడి మాట వీధిలో పెట్టొద్దు."

"వీధిలో పెట్టమనలేదు. నిన్ను కనుక్కోమంటాండా."

"ఆరోగ్యమ్మా, ఇంక ఆ మాట ఈ ఇంట్లో వద్దు."

ఆమె బీరకాయ పూర్తిగా చెక్కింది. తొక్కలు ఎత్తుకొని పోయింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట నా దగ్గర ఎత్తలేదు. శనివారం శనివారం ఈరక్క ఇంటికి పోయేది. చింతపండు కోసమేమో అనుకున్నాను. నాలుగు నెలల్లో ఎన్ని శనివారాలు చింతపండు కావాలి ఒక ఇంటికి? అడగలేదు.

జనవరిలో ఆమె చావుబతుకుల్లో ఉంటే, నూనె పూసి చివరి అభ్యంగనం ఇచ్చింది ఆ స్వామే. నూనె పూసిన వేలు నుదుటికి తగలగానే ముఖం గోడవైపు తిప్పుకుంది. నొప్పి అనుకున్నాను. ఆమెను పూడ్చేటప్పుడు ప్రార్థన చదివింది కూడా ఆయనే. నేను ఆయనకు చేతులెత్తి దండం పెట్టాను.

పోయే ముందు ఆమె శిల్పతో ఒక్క మాట అందట, ఈరక్కను విడిచిపెట్టొద్దని. శిల్ప విడిచిపెట్టలేదు. ఆ సంగతి తనకంటే ముందే నా దగ్గరికి వచ్చిందని, నేను దాన్ని ఎర్రసిరాతో కొట్టేశానని శిల్పకు తెలియదు. ఎవరికీ తెలియదనుకున్నాను.

*

పన్నెండుకు గుడి దగ్గర కొయ్య గిలక మోగింది. ఈ మూడు దినాలు మా గుడి గంట మోగదు. రెండు చెక్కలు కొట్టుకునే ఆ గిలక చప్పుడే ఊరిని పిలుస్తుంది.

మా నాయన లేచాడు. సుత్తిని నడుముకు చెక్కుకున్నాడు. బల్ల మీది సిలువ ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

అంతసేపూ వసారాలోనే కూర్చున్న దాసన్న ముఖం వెలిగింది. "దా మామా, పోతా పోతా కొట్టేద్దాం."

"నేను ఈరక్క ఇంటికి పోతాండా దాసా."

"ఊరు రాదు మామా."

"రాకుంటే ఒక్కడినే పోతా. పద్నాలుగు స్థలాలు నాకు నోటికి వస్తాయి."

దాసన్న విసురుగా వెళ్లిపోయాడు. మా నాయన వాకిలి దాటేటప్పుడు శిల్ప అడ్డం నిలబడింది. వద్దంటుందనుకున్నాను. ఆయన నడుము దగ్గర జారుతున్న సుత్తిని లాగి తన చేతిలోకి తీసుకుంది.

"బరువు. నేను తెస్తా తర్వాత. నువ్వు పో."

"తర్వాతంటే?"

"ఆరో ఇంట్లో ఎవరో ఒకరు ఉండాల కదా" అంది, పెట్టె ఉన్న గదివైపు చూస్తూ. "నీ గుడి కోసం కాదు. నువ్వు తొమ్మిదో ఇంటికి పోతాండావని."

*

జనం నేను అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చారు. గుడి మానుకున్నవాళ్లు కూడా వచ్చారు. పెద్ద సిలువను నలుగురు మోస్తున్నారు. మా నాయన ముందు నడుస్తున్నాడు, భుజాన ఆ చిన్న సిలువతో. అది ఎందుకో అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు.

సిమెంటు రోడ్డు కాలుతోంది. ఒకటి, రెండు, మూడు. ప్రతి వాకిట్లో ఒక దీపం, ఒక ఆడగొంతు, తర్వాత మోకాళ్ల చప్పుడు. ఈ దారిలో నేను మా తాత వేలు పట్టుకొని నడిచాను. మాకు పొలాలు తక్కువ, పెద్ద పదవులు లేవు. ఈ పద్నాలుగు వాకిళ్లు ఉన్నాయి. ఏ స్వామీ మాకు ఇచ్చినవి కావు అవి. ఏ స్వామీ పట్టుకుపోగలిగినవీ కావు.

ఆరోది మా వాకిలి. గడప మీద ఎవరూ లేరు. జనం నిలబడ్డారు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. కాళ్లు మార్చి మార్చి నిలబడుతున్నారు.

శిల్ప వచ్చింది. దీపం వెలిగించింది. వాళ్లమ్మ గుడ్డను రెండు చేతులా పరిచి పట్టుకుంది. మొదటి మాట సగంలో ఆగింది, మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేసింది. ఆరోగ్యమ్మ గొంతు కాదు. అంతకంటే గట్టి గొంతు. నేను మోకరించాను. చాలాకాలానికి నా ఇంటి ముందు నేను గర్వంగా మోకరించాను.

ఎనిమిదో ఇల్లు దాటాక వీధి రెండుగా చీలుతుంది. కుడివైపు దాసన్న ఇల్లు, నేరుగా పోతే ఈరక్క ఇల్లు. దాసన్న కుడివైపు నిలబడి చెయ్యి చూపిస్తున్నాడు.

మా నాయన నేరుగా పోయాడు. శిల్ప ఒక చేతిలో సుత్తి, భుజం మీద తెల్లగుడ్డతో ఆయన వెనక. ఆమె వెనక నేను. మా వెనక అడుగుల చప్పుడు లేదు. నేను తిరిగి చూడలేదు.

అప్పుడు దాసన్న గొంతు వినిపించింది. "ఏమే! యాడికి పోతాండావు?"

"తొమ్మిదో స్థలానికి." హేమావతి గొంతు. "ఇన్నేండ్లు పెద్దగా ఉండావు, అది యాడుండాదో నీకు తెల్వదా?"

ఎవరో ఫక్కున నవ్వారు. పవిత్ర శుక్రవారం నాడు ఆ వీధిలో నవ్వు వినడం అదే మొదటిసారి. తర్వాత అడుగుల చప్పుడు మొదలైంది. పాటల పిల్లలు, ముసలమ్మలు, పెద్ద సిలువ మోస్తున్న నలుగురు. హేమావతి తోమిన దీపం ఒక చేత, నీళ్లచెంబు ఇంకో చేత పట్టుకొని, ముగ్గేసిన తన వాకిలిని విడిచి వచ్చింది.

*

ఈరక్క తలుపు మూసి ఉంది. వాకిలి పైన గోడలో మేకులు పెరికిన రంధ్రాలు నాలుగు. కింద సున్నం పెళ్లలు రాలి ఉన్నాయి. ఎవరూ ఊడవలేదు.

మా ఆచారంలో తలుపు తట్టడం లేదు. ఇంటామె ముందే గడప మీద ఉంటుంది. మా నాయన తట్టాడు.

"ఈరక్కా. ఊరు వచ్చింది."

లోపలినుంచి గొంతు. "మీ సిలువ మీరు తీసకపోయినారు కదా మామా. ఇంకేం మిగిలిందని?"

"తప్పు చేసినాం. తిరిగి తెచ్చినాం. కొట్టమంటే కొడతా. వద్దంటే పట్టుకొని నిలబడతా."

గొంతు తలుపు దగ్గరికి వచ్చింది. "నేను చెప్పేది కాదు మామా. బిడ్డ చెప్పాల."

గడియ తీసిన చప్పుడైంది.

ఆ పిల్ల గడప లోపలే నిలబడింది. నిరుడు పదో తరగతిలో నా ముందు వరసలో కూర్చునేది. సన్నబడింది. మా నాయన చేతుల్లోని సిలువను చూడలేదు. జనాన్ని చూడలేదు. నన్ను చూసింది.

"సార్."

"చెప్పమ్మా."

"ఆరోగ్యమ్మత్త మీకు చెప్పినానని నాతో అనింది సార్. మీరు ఏమన్నారని అడిగినా. చెప్పలేదు. శనివారం శనివారం అడిగినా. ఒక్కసారి కూడా చెప్పలేదు." ఒక అడుగు ముందుకు వేసింది. "మీరేమన్నారు సార్?"

శిల్ప నావైపు తిరిగింది. మా నాయన తిరగలేదు. ఆయన మెడ మీది నరం మాత్రం బిగిసింది.

దాసన్న జనాన్ని తోసుకొని నా పక్కకు వచ్చాడు. నా మోచెయ్యి పట్టుకున్నాడు. "గమ్మునుండు సారూ" అన్నాడు చెవిలో. "నీ పేరు కూడా కేసులోకి పోతాది. ఉద్యోగం ఉండాది నీకు."

ఎండ నడినెత్తిన ఉంది. నేను గుడికీ ఇంటికీ మధ్య, వీధిలో, ఊరంతటి ముందూ నిలబడి ఉన్నాను.

నేను దాసన్న చెయ్యి తీసేశాను.

"గుడి మాట వీధిలో పెట్టొద్దు అన్నానమ్మా" అన్నాను. "కనుక్కోమని ఆమె మళ్లీ అడిగింది. ఇంక ఆ మాట ఈ ఇంట్లో వద్దన్నాను."

ఆ పిల్ల కళ్లు వాలలేదు.

"ఇంకోసారి చెప్పండి సార్. వెనకున్నోళ్లకు వినపళ్లేదు."

ఆ మాట నాదే. పాఠం చదివించేటప్పుడు ఆ పిల్లకు నేను ఎన్నోసార్లు చెప్పిన మాట.

నేను జనం వైపు తిరిగాను. ఇంకోసారి చెప్పాను. తరగతి గదిలో చెప్పినట్టు, చివరి వరుసకు వినపడేటట్టు చెప్పాను. సెప్టెంబరు నెల అని చెప్పాను. ఆరోగ్యమ్మ పేరు చెప్పాను. నా పేరు కూడా చెప్పాను. అడిగితే స్టేషనులో కూడా ఇదే చెప్తానన్నాను.

తిరిగి చూసేసరికి ఆ పిల్ల గడప దగ్గర లేదు. తలుపు మాత్రం తెరిచే ఉంది.

ఎవరూ మోకరించలేదు. ఎవరూ కదలలేదు కూడా. మా నాయన సిలువను ఎత్తి, ఆ నాలుగు రంధ్రాలకు ఆనించి పట్టుకున్నాడు. శిల్ప సుత్తి కింద పెట్టి, ఆయన చేతుల కింద తన చేతులు ఆనించింది. నావైపు చూడలేదు.

హేమావతి చెంబు ముందుకు చాపింది. "పెద్దాయనా, నీళ్లు. పడిపోతావు."

"ఈ వాకిట్లో దీపం వెలిగినాక తాగుతా" అన్నాడు మా నాయన, గోడవైపు చూస్తూనే. "వెలగకుంటే, వాళ్ల ఇష్టం. మనం మాత్రం నిలబడదాం."

హేమావతి తాను తెచ్చిన దీపాన్ని గడప మీద పెట్టబోయి, ఆగి, వెనక్కి తీసుకుంది. అది పెట్టాల్సింది ఆమె కాదు.

లోపల చీకట్లో ఏదో పెట్టె మూత తెరిచిన చప్పుడైంది.